మూడో హెలికాప్టర్

వాకిట్లో వ్యాన్ గుర్రుమంటూనే ఉంది. దేచమ్మ మాత్రం వంటింట్లోంచి కదల్లేదు.

తను రానంది. అందరూ వెళ్ళి విమానాల ప్రదర్శన చూసి రమ్మంది. తనకి ఇంట్లో బోలెడు పనుందని కూడా అంది. ఆ ఇల్లు ఆమె మరిది బెళ్ళియప్పది. బెంగుళూరులో అతనింటికి వచ్చినప్పుడు ఆమెకు చేయడానికి ఏ పనీ ఉండదని అందరికీ తెలుసు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు.

ఆమె భర్త మేజర్ ఉత్తయ్య కోటు వేసుకుని, టై కట్టుకుని, ముందు సీట్లో నిటారుగా కూర్చున్నాడు. సైన్యం వదిలి ఇరవయ్యేళ్ళు దాటినా ఇంట్లో యుద్ధం మొదలైతే ఆయన ఎత్తుగడ ఒక్కటే. అవతలివాళ్ళు అలిసిపోయేదాకా నోరు మెదపడు.

గొడవ ఇవాళ్టిది కాదు. పుత్తరి పండగనాడు, కొత్త వరికంకులు ఇంట్లోకి తెచ్చిన సాయంత్రమే, సెలవు మీద వచ్చిన కూతురు పూవమ్మని దేచమ్మ చుట్టాలందరి ముందూ నిలదీసింది. పెళ్ళయి మూడేళ్ళయింది, ఇంకా ఎన్నాళ్ళు ఆకాశంలో తలకిందులుగా వేలాడతావు, నేలమీదికి దిగి ఒక బిడ్డని కనవా అని అడిగింది. పూవమ్మ వాయుసేనలో పైలట్. నాలుగు హెలికాప్టర్లు ఒకదాన్నొకటి అంటుకున్నట్టు ఎగిరే విన్యాసాల జట్టులో ఆమెది మూడో నంబరు. మొండితనంలో ఆమె తల్లికి తీసిపోదు.

"నేను ఎగరడం నువ్వు ఒక్కసారైనా చూశావా? చూసి, అప్పుడు మాట్లాడు," అని ఆ మర్నాడే పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది.

అప్పట్నుంచీ తల్లికి ఫోన్ లేదు. తండ్రికి రోజూ చేస్తుంది. ఆయన ఫోన్ పట్టుకుని కాఫీ మొక్కల మధ్యకి వెళతాడు. దేచమ్మ ఏదో ఒక పని కల్పించుకుని ఆయన వెనకే వెళుతుంది, కానీ ఏమందో అడగదు.

చూడకపోవడానికి దేచమ్మ కారణం దేచమ్మకుంది. ఆమెకు ఎత్తులంటే పడదు. తను ఎక్కడం సంగతి అటుంచి, ఎవరైనా ఎక్కితే చూడ్డం కూడా పడదు. కొడగులోని పొల్లిబెట్టలో తమ కాఫీతోటంతా ఒంటిచేత్తో నడిపే మనిషి, మిరియాలు కోసేవాళ్ళు నిచ్చెనలేసుకుని, తీగలు పాకించిన సిల్వర్ ఓక్ చెట్లెక్కితే, వాళ్ళకి వీపు పెట్టి నిలబడి, ఎదురుగా ఉన్న గేటుకి చెప్తున్నట్టు కేకలేస్తుంది. కూలీలు నవ్వుకుంటారు. అలాంటిది కన్నకూతుర్ని అంత ఎత్తున ఎలా చూడగలనన్నది ఆమె మాట.

వ్యాన్ వెనక సీట్లోంచి అత్తగారు చోండమ్మ చిన్న కొడుకుని పిలిచింది.

"ఒరే బెళ్ళీ, ఇంజనాపు. నేనూ దిగిపోతాను. కోడలొక్కత్తీ ఉంటే దానికేం తోస్తుంది. ఎనభై దాటినదాన్ని, వచ్చే ఏడు చూస్తానో లేదో నాకే తెలీదు. పోనీలే, టీవీలో ఎప్పుడో వేస్తారు."

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది.

దేచమ్మ చీర సర్దుకుంటూ బయటికొచ్చింది. రాత్రి తనే వండి కట్టిన అన్నం క్యారియర్లు రెండు చేతులా పట్టుకుని వ్యానెక్కింది. "అత్తయ్యా, మీకేం భయం లేదు. నన్ను సాగనంపాక గానీ మీరు కదలరు," అంది.

"ఆ మాట మీదే ఉండు," అంది చోండమ్మ, సీట్లో జరుగుతూ.

దేచమ్మ ఒక షరతు పెట్టింది. వస్తుంది, షామియానా కింద కూర్చుంటుంది, అన్నానికి కాపలా కాస్తుంది. తలెత్తి చూడమని మాత్రం ఎవరూ అడగకూడదు. బెళ్ళియప్ప స్టీరింగ్ మీద చెయ్యేసి ప్రమాణం చేశాడు.

ప్రదర్శన జరిగే యలహంక దారంతా బండ్లే. స్కూటర్ల మీద ముగ్గురేసి, చిన్న లారీల్లో కుర్చీలేసుకుని కొందరు, గొడుగులు, నీళ్ళ సీసాలు. ఊరు ఊరంతా అటే పోతోంది. వ్యాన్ ఒక్కో అడుగూ కదులుతుంటే, ఉత్తయ్య గడియారం చూసుకుని, ఇదే సైన్యమైతే ఈపాటికి కవాతు చేసుకుంటూ చేరి, చూసి, తిరిగి కూడా వచ్చేవాళ్ళమన్నాడు. పొద్దున్నుంచీ ఆయన మాట్లాడిన మొదటి మాట అది. కూతుర్ని వాయుసేనలోకి పంపి ఇప్పుడా మాటలేంటని చోండమ్మ కసిరింది.

గేటు దగ్గర క్యారియర్లు యంత్రంలోంచి వెళ్ళాయి. తెర ముందు కూర్చున్న జవాను వాటిని ఆపి, లోపల ఈ గుండ్రటివన్నీ ఏమిటని హిందీలో అడిగాడు. అవి కడంబుట్టులు. బియ్యపు రవ్వతో చేసి ఆవిరి మీద ఉడికించిన ఉండలు. దేచమ్మ మూత తీసి ఒకటి అతని చేతిలో పెట్టింది. కింద గిన్నెలో కాచంపులి పులుపు పోసి నల్లగా వేయించిన పందికూర వాసన అతనిదాకా వెళ్ళింది. జవాను ఉండ వంక చూశాడు, తన పైఅధికారి వంక చూశాడు, వెళ్ళమని చెయ్యూపాడు. ఉండ తిరిగివ్వలేదు.

ఉద్యోగుల కుటుంబాలకి వేసిన షామియానాలో రెండో వరసలో చోటు దొరికింది. దేచమ్మ కుర్చీని కొంచెం పక్కకి తిప్పుకుని, క్యారియర్లు కాళ్ళ దగ్గర పెట్టుకుని, వాటినే చూస్తూ కూర్చుంది.

మొదటి యుద్ధవిమానం వచ్చినప్పుడు చప్పుడు చెవుల్లో కాదు, కడుపులో తెలిసింది. క్యారియర్ మూతలు సన్నగా మోగాయి. చోండమ్మ చెవుల్లో దూది పెట్టుకుని, పోయిన ప్రతి విమానానికీ చెయ్యూపింది. అందులోవాళ్ళకి కనిపిస్తుందా అమ్మా అని బెళ్ళియప్ప అడిగితే, వాళ్ళకి కనపడకపోతే పోయింది, నేను ఊపినట్టు నాకు తెలుస్తుంది కదా అంది. గొడుగుల్లాంటి పారాచూట్లతో పదిమంది సైనికులు దిగినప్పుడు ఉత్తయ్య లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు, వాళ్ళు తన తాలూకు మనుషులన్నట్టు.

ఎండ హాయిగా ఉంది. గాలి కూడా ఉంది. తలెత్తకపోయినా, పక్కవాళ్ళ మొహాలు చూస్తూ కూర్చోవడం దేచమ్మకి బాగానే ఉంది. అందరూ నోళ్ళు తెరుచుకుని చిన్నపిల్లల్లా ఉన్నారు. తన మేజరు కూడా.

అప్పుడు హెలికాప్టర్ల జట్టు వస్తోందని ప్రకటించారు. బెళ్ళియప్ప ఫోన్ తీసి, మూడోది చూడండి, మూడోదే మన పూవి అంటూ పక్క వరసలకి కూడా చెప్పేశాడు. రెక్కల చప్పుడు దగ్గరైంది. అప్పటిదాకా మైకులో మాట్లాడిన మగగొంతు ఆగిపోయి ఒక ఆడగొంతు అందుకుంది. ముందు హిందీలో నమస్కారం చెప్పింది. తర్వాత కన్నడంలో చెప్పింది.

దేచమ్మ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

"ఆ మూడోదాంట్లో ఉన్నది పూవి కాదు," అంది.

బెళ్ళియప్ప ఫోన్ దించకుండానే నవ్వాడు. "తలెత్తకుండానే ఎలా తెలిసింది వదినా?"

"మైకులో ఉన్నది అది."

ఉత్తయ్య నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశం చూస్తున్నవాడల్లా, ఆ చెయ్యి అలాగే ఉంచి స్తంభానికి కట్టిన లౌడ్ స్పీకర్ వైపు తిరిగాడు. చోండమ్మ ఒక చెవిలో దూది తీసేసింది. నిజమే. కన్నడం మాట్లాడుతున్నా చివర్లో కొడవ సాగదీత. పూవమ్మ గొంతే.

దాన్ని తీసేశారా? ఏమైనా జబ్బు చేసిందా? ఏదో అయింది కాబట్టే కింద ఉంది. ముందు దేచమ్మ గుండె తేలికపడింది, పిల్ల నేలమీదే ఉందని. కాసేపటికే అది బరువెక్కింది.

గొంతు తొణక్కుండా చెప్పుకుపోతోంది. "ఇప్పుడు నాలుగూ ఒకే గీతలోకి వస్తాయి. మూడో నంబరులో ఉన్న పైలట్ నేలని చూడడు. ఆకాశాన్నీ చూడడు. ముందున్న నాయకుడి హెలికాప్టర్ పొట్ట కింద చిన్న ఎర్రదీపం ఒకటుంటుంది. అతని కళ్ళు దానిమీదే. అది లేస్తే లేస్తాడు, వాలితే వాలతాడు. మీరు కింద భయపడుతున్నారేమో. అతనికి అక్కడ భయపడే తీరిక లేదండీ."

ఇలా చెప్పడం దేచమ్మకి బాగా తెలిసిన పద్ధతి. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్ళకి ఏ కొమ్మ కొయ్యాలో ఏది వదలాలో తను చెప్పేది ఇలాగే. ఈ పిల్ల ఇన్నాళ్ళూ ఇదంతా తనకి చెప్పాలని చూసింది. మొదలుపెట్టినప్పుడల్లా, చాల్లే, నాకు కళ్ళు తిరుగుతాయని తను లేచి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఇంతమంది జనంలో కూర్చుని, లేచి వెళ్ళే వీల్లేక వింటోంది.

ఆ ఎర్రదీపం ఎక్కడుంటుందో చూద్దామని తలెత్తింది.

ఒక్కసారి లోకమంతా వాలినట్టయింది. ముందు కుర్చీ వీపు పట్టుకుంది. నాలుగు హెలికాప్టర్లు మైదానం మీద పక్కకి ఒరిగి, ఒకే కొమ్మకి కాసిన కాయల్లా, కదలకుండా కదులుతున్నాయి. మూడోది ఎక్కడుందో ఆమె లెక్కపెట్టుకుంది. కళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. అయినా చూపు దించలేదు. రెండు ఎదురెదురుగా వచ్చి రాసుకున్నట్టు దాటినప్పుడు జనం కెవ్వుమన్నారు. దేచమ్మ కళ్ళు మూడోదాని మీదే ఉన్నాయి. చివర్న నాలుగూ నాలుగు దిక్కులకి విచ్చుకుని, పొగ గీతలు గాలికి కరిగిపోయేదాకా అలాగే చూసింది.

పక్కన ఉత్తయ్య ఆకాశం చూడ్డం మానేసి ఆమెనే చూస్తున్నాడు.

"అది పూవి సీటు," అంది దేచమ్మ. "అందులో ఇంకెవడో కూర్చున్నాడు."

లేచింది. భర్త ఆపబోతే ఆగలేదు. తాళ్ళు కట్టిన దారి దాటి, ప్రకటనలు చేసే చెక్కవేదిక దాకా విసవిసా నడిచింది. అక్కడ కాపలా ఉన్నతను ఇటు రాకూడదన్నాడు. ఇప్పటిదాకా ఆ మైకులో మాట్లాడింది నా కూతురు, పొద్దున్నుంచీ ఏం తిందో ఏమో, జరుగు నాయనా అంది. అతను జరిగాడు.

పూవమ్మ యూనిఫాంలో, మెట్టు మీద కూర్చుని నీళ్ళు తాగుతోంది. తల్లిని చూసి లేచింది. పుత్తరి తర్వాత ఇదే ఇద్దరూ ఎదురుపడడం. పూవమ్మ నీళ్ళ సీసాకి మూత బిగించింది.

"నిన్నెవరు తీసేశారు?" అంది దేచమ్మ.

"ఎవరూ తియ్యలేదు."

"నాకు చెప్పు. మీ పైవాడెక్కడున్నాడు? నేను మాట్లాడతా. ఆ మూడోవాడు వాలినప్పుడు కాస్త వెనకబడ్డాడు, నేను చూశాను. నువ్వైతే వెనకబడవు."

పూవమ్మ తల్లి మొహంలోకి చూసింది. "నువ్వు చూశావా?"

"చూశాను."

"కళ్ళు తిరగలేదా?"

"తిరిగాయి. అయితే ఏం?"

పూవమ్మ నవ్వబోయి ఆగింది. తల్లి చెయ్యి పట్టుకుని మెట్టు మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది. "నేనే చెప్పి దిగాను. క్రితం వారం డాక్టరు పరీక్ష చేసింది. కడుపుతో ఉన్నవాళ్ళు ఎగరకూడదమ్మా."

దేచమ్మ చూపు కూతురి యూనిఫాం మీదికి, బెల్టు దగ్గరికి దిగింది.

"దిగమని నువ్వేగా అన్నావు. దిగాను. నీ మాటే నెగ్గింది."

నెగ్గినట్టు దేచమ్మకి ఏమాత్రం అనిపించలేదు. ఆనందం ఉంది. కానీ ఇందాక పక్కకి ఒరిగిన ఆ నాలుగూ కళ్ళముందే ఉన్నాయి. ఆ మూడోచోట ఈ పిల్ల లేదన్న వెలితి కూడా అక్కడే ఉంది. రెండూ ఒకేసారి ఎలా ఉంటాయో ఆమెకు అర్థం కాలేదు.

"నాచప్పకి తెలుసా?" అని అడిగింది. నాచప్ప అల్లుడు. సైన్యంలో కెప్టెన్, మంచుకొండల్లో ఉద్యోగం.

"తెలుసు. మీ అమ్మకి ఫోన్లో చెప్పకు, ఎదురుగా కూర్చుని చెప్పు అన్నాడు. నాన్నకీ ఇంకా చెప్పలేదు."

"మళ్ళీ ఎప్పుడు ఎక్కనిస్తారు?"

ఆ ప్రశ్న తల్లి నోట వస్తుందని పూవమ్మ అనుకోలేదు. కాన్పయ్యాక డాక్టర్లు సరేననాలని, తర్వాత కొన్ని నెలల సాధన ఉంటుందని, వచ్చే ప్రదర్శనకి అందుకోవాలంటే బిడ్డ ఇంకా పాకుతుండగానే తను రోజూ ఎగరాల్సి వస్తుందని చెప్పింది. నాచప్ప దగ్గర లేడు. జట్టు ఉండే కోయంబత్తూరు దగ్గర క్వార్టర్స్‌లో తనొక్కతే.

"నువ్వొచ్చి ఉండాలి," అంది. "ఇప్పుడే చెప్పక్కర్లేదు. నీకు తోట ఉంది, కోతలున్నాయి. నాకు తెలుసు."

దేచమ్మ లేచి నిలబడింది. "ముందు అన్నం తిను. పద."

షామియానాలో పూవమ్మ సంగతి చెప్పగానే చోండమ్మ రెండో చెవిలో దూది కూడా తీసేసి మళ్ళీ చెప్పించుకుంది. బెళ్ళియప్ప ఫోన్లో అందర్నీ తీస్తూ తన మొహమే తీసుకున్నాడు. ఉత్తయ్య కూతురి తలమీద చెయ్యి పెట్టాడు, టై సరిచేసుకున్నాడు, మళ్ళీ చెయ్యి పెట్టాడు. పందికూర, కడంబుట్టులు పళ్ళాల్లోకి వచ్చాయి. పూవమ్మ వరసగా తిన్నది. ఎన్ని తిన్నదో దేచమ్మ చూసి చూడనట్టు ఊరుకుంది. అందరికీ వడ్డిస్తూ, చేతికి కూర అంటుకుని ఉంటే, కూతురి నుదుటి మీది వెంట్రుకలు మోచేత్తో వెనక్కి తోసింది. చాలా కాలానికి ఆ కుటుంబం ఒక్కచోట కూర్చుని, ఒకరినొకరు తప్పు పట్టకుండా తిన్న భోజనం అది.

వాళ్ళు తింటుండగానే జట్టు నాయకుడు వింగ్ కమాండర్ బరువా వచ్చాడు. అస్సాం మనిషి, నెమ్మదస్తుడు. పెద్దావిడకి వంగి నమస్కారం పెట్టాడు. పూవమ్మ చోటుకి కొత్త పైలట్‌ని తీసుకుని శిక్షణ మొదలుపెట్టాలా, లేక ఆమె వచ్చేదాకా ఉన్నవాళ్ళతోనే నెట్టుకురావాలా అన్నది ఇవాళ పైఅధికారులకి చెప్పాలన్నాడు. మా అమ్మతో మాట్లాడి చెప్తానని పూవమ్మ అన్నదట. తొందర పెట్టడం తన ఉద్దేశం కాదన్నాడు.

అందరూ దేచమ్మ వైపు తిరిగారు. పూవమ్మ మాత్రం పళ్ళెంలోకి చూస్తోంది.

దేచమ్మ అతనికి కుర్చీ చూపించి, పళ్ళెం పెట్టి, రెండు ఉండలు వేసి, కూర వడ్డించింది. ఆ తర్వాత చెప్పింది.

"కొత్తవాళ్ళెవరూ వద్దు బాబూ. దీని చోటు దీనికే ఉంచండి. బిడ్డని నేను చూసుకుంటాను."

పూవమ్మ తలెత్తలేదు. కానీ ఆమె భుజాలు కిందికి దిగడం దేచమ్మకి కనిపించింది. చోండమ్మ వెంటనే, కోయంబత్తూరులో చలి ఉండదు కదా, తనూ వస్తానంది. మునిమనవడితో మాట్లాడడానికి కొడవ భాష తెలిసినవాళ్ళు ఒక్కరైనా ఉండాలంది. నేను మాట్లాడేది ఏ భాష అత్తయ్యా అని దేచమ్మ అడిగితే, నీది కేకల భాష అంది. బరువా అర్థం కాకపోయినా నవ్వాడు.

ఆ నవ్వుల్లో ఉత్తయ్య లేడని దేచమ్మ కాసేపటికి గాని చూసుకోలేదు.

ఆయన షామియానా బయట, తాడు దగ్గర, మైదానం వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. చెయ్యి కడుక్కుని వెళ్ళి పక్కన నిలబడింది. అన్నం సగంలో వదిలేసి వచ్చారేమని అడిగింది. ఆకలి తీరిందన్నాడు. తోట గురించేనా, పనివాళ్ళకి అంతా చెప్పి వెళతాను, కోతలప్పుడు వచ్చి చూసుకుంటాను అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"తోట గురించి కాదు దేచూ."

ఆ పేరుతో ఆయన పిలిచి ఎన్నేళ్ళయిందో ఆమెకు గుర్తు లేదు.

"మంచి పని చేశావు. నేనైనా అదే చెప్పేవాణ్ణి. కానీ నన్ను అడగలేదు. నువ్వు వెళతావు, అమ్మ నీతో వస్తానంటోంది. ఆ ఇంట్లో నేనొక్కణ్ణే ఉంటానని మీ ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు."

దేచమ్మకి నిజంగానే తట్టలేదు. ఈయన ఉద్యోగం చేసినన్నాళ్ళూ సరిహద్దుల్లో ఉంటే తను ఆ ఇంట్లో ఒక్కతే ఉంది. అప్పుడు మీరు నన్నడిగారా అని నోటిదాకా వచ్చింది. ఆయన మొహం చూసి అనలేకపోయింది. అక్కడ కోపం లేదు. ఫోన్ పట్టుకుని మొక్కల మధ్యకి వెళ్ళేటప్పుడు ఉండే మొహమే అది. తను వెనకే వస్తోందని తెలిసి, నెమ్మదిగా నడిచే మనిషి మొహం.

"అయితే మీరూ రండి," అంది.

ఉత్తయ్య ఆమె వైపు తిరిగాడు. ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే మూడు యుద్ధవిమానాలు తల మీదుగా దూసుకుపోయాయి. పెదవులు కదలడం కనిపించింది. మాట ఒక్కటీ వినిపించలేదు. ఆయన చెప్పింది చిన్న మాట కాదు, చాలాసేపే చెప్పాడు.

చప్పుడు కొండల వైపు తగ్గిపోయింది.

"ఏమన్నారు?" అని అడిగింది.

ఉత్తయ్య ఆమెను కాసేపు చూశాడు. కొంచెం నవ్వాడు కూడా. కానీ ఏమన్నాడో మళ్ళీ చెప్పకుండా, చల్లారిపోతున్న పళ్ళెం కోసం షామియానాలోకి నడిచాడు, ఆమె వెనకే వస్తుందని తెలిసి, నెమ్మదిగా.